గణనయంత్రమునకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని – గ్రేస్ హాపర్

ముద్రణాలయములు లేని కాలమున గ్రంథము ఒక చేతినుండి మరియొక చేతికి ప్రతి వ్రాయుటచేతనే వ్యాపించెడిది. వ్రాయసగాని కన్ను ఒక్క క్షణము చెదరినచో అక్షరము మారును. అక్షరము మారినచో అర్థము మారును. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కాతిబు కలమునుండి ఒక్క నుక్తా అధికముగ జారినచో దువా దగా అగును. ప్రార్థన వంచనగా మారును. మన పొరుగున ఉన్న కడపలో పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను ఒకదానితో నొకటి సరిపోల్చి చూపించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) ఎదుర్కొనినదియు ఈ చిక్కే. వేమన పద్యములకు ఎన్ని ప్రతులో అన్ని పాఠాంతరములు. ఏది కవి మాటయో, ఏది వ్రాయసగాని పొరపాటో తేల్చుటకే ఆయన ఎంతో శ్రమపడవలసి వచ్చెను.

ఇరువదవ శతాబ్దమున గణనయంత్రము, అనగా కంప్యూటరు, పుట్టిన తొలి దినములలో ఈ ప్రాచీన వ్యాధియే క్రొత్త రూపమున తలయెత్తినది. ఒకరు వ్రాసిన లెక్కల క్రమమును మరియొకరు చూచి ఎత్తి వ్రాయుట, ఎత్తి వ్రాయుటలో తప్పులు దొరలుట, ఆ తప్పులను వెదకుటలో దినములు గడచుట నిత్యకృత్యమయ్యెను. ఈ దుఃస్థితిని చూచి, ప్రతి వ్రాయు పనిని మనుష్యుడు మాని యంత్రమునకే ఏల అప్పగింపరాదని యోచించి, యోచించినదానిని చేసి చూపిన విదుషీమణి గ్రేస్ హాపర్. ఆమె జీవితమును మా శక్తికొలది పరిచయము చేయుటకు పూనుకొనుచున్నాము. ఆమె మన దేశస్థురాలు కాదు, మన భాష ఎరుగదు. అయినను ఆమె నేర్పిన పాఠము ఈ కరవు సీమలోని కళాశాలకు ఎంతయు అవసరమని మా విశ్వాసము. అది ఎట్లో ముందు ముందు తెలియగలదు.

1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున గ్రేస్ బ్రూస్టర్ మర్రే జన్మించెను. తండ్రి వాల్టర్ మర్రే భీమా వ్యాపారమున ఉండెను. తల్లి మేరీకి గణితమునందు మక్కువ మెండు. కాని ఆ కాలపు స్త్రీలకు గణితశాస్త్రమున ముందుకు సాగు అవకాశము స్వల్పము. ముగ్గురు బిడ్డలలో గ్రేస్ పెద్దది. రక్తనాళముల వ్యాధిచే తండ్రికి రెండు కాళ్ళను తొలగింపవలసి వచ్చెను. ఆ కష్టమే ఆయన దృష్టిని విశాలము చేసినది. కుమార్తెలు సైతము కుమారునితో సమానముగ చదివి, అవసరమైనపుడు తమ కాళ్ళపై తాము నిలువగలుగవలెనని ఆయన పట్టుదల వహించెను. ఇంటిలో ఆడుబిడ్డ చదువునకు తండ్రియే అండగా నిలిచినపుడు ఫలితమెట్లుండునో గ్రేస్ జీవితమే సాక్ష్యము.

ఏడేండ్ల ప్రాయమున ఆ బాలిక ఇంటిలోని అలారం గడియారమును విప్పి చూచెను. తిరిగి అమర్చుట చేతకాలేదు. రెండవదానిని విప్పెను. ఈ విధముగ ఏడు గడియారములు విడిపోయిన పిమ్మట తల్లికి సంగతి తెలిసెను. ఆ తల్లి బిడ్డను దండింపలేదు. ఇకపై ఒక్క గడియారమును మాత్రమే విప్పుకొనుమని హద్దు పెట్టెను. కుతూహలమును చంపక, నష్టమును మాత్రము అదుపుచేసిన ఆ తల్లి వివేకము తలిదండ్రులందరకు ఆదర్శప్రాయము.

పదునారవ యేట వస్సార్ కళాశాలలో ప్రవేశము కోరగా లాటిను భాషా పరీక్షలో ఆమె ఉత్తీర్ణురాలు కాలేదు. ఒక సంవత్సరము ఆగి, మరల చదివి ప్రవేశము పొందెను. 1928లో గణిత, భౌతిక శాస్త్రములలో పట్టము పుచ్చుకొనెను. పిదప యేల్ విశ్వవిద్యాలయమున 1930లో ఎం.ఏ., 1934లో గణితమున డాక్టరేటు పొందెను. 1930లోనే విన్సెంట్ హాపర్ అను ఆచార్యుని వివాహమాడుటచే గ్రేస్ హాపర్ అయ్యెను. 1931 మొదలు వస్సార్‌లోనే గణితోపాధ్యాయినిగ పనిచేసెను. లెక్కలు చేయించుటతో తృప్తిపడక, గణిత విషయముపై విద్యార్థినులచే వ్యాసములు వ్రాయించి, అందలి భాషను కూడ దిద్దెడిది. తనకు తెలిసినదానిని ఇతరులకు తెలియునట్లు చెప్పలేనివాని గణితము లోకమునకు ఉపకరింపదని ఆమె నమ్మకము. ఈ నమ్మకమే తరువాతి కాలమున ఆమె చేసిన మహాకార్యమునకు బీజము.

రెండవ ప్రపంచ సంగ్రామమున అమెరికా అడుగిడిన పిమ్మట ఆమె నావికాదళమున చేరదలచెను. వయస్సు మీరినదని ఒక అభ్యంతరము. ఉండవలసిన బరువునకు పదునైదు పౌనులు తక్కువయని మరియొకటి. గణితాచార్యులు కళాశాలలోనే దేశమునకు అవసరమని ఇంకొకటి. అన్నిటిని త్రోసిరాజని, మినహాయింపు సాధించి, 1943 డిసెంబరులో నావికాదళపు రిజర్వు విభాగమున చేరెను. శిక్షణలో ప్రథమస్థానము పొంది, 1944 జూలైలో హార్వర్డు విశ్వవిద్యాలయమున హోవర్డ్ ఐకెన్ ఆధ్వర్యమున గల మార్క్ 1 యంత్రము కడకు పంపబడెను.

ఆ యంత్రము నేటి విద్యార్థి ఊహకు అందునది కాదు. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. క్షణమునకు మూడు కూడికలు మాత్రము చేయగలదు. ఒక గుణకారమునకు ఆరు క్షణములు పట్టును. అయినను 23 అంకెల సంఖ్యలను అలసట లేక రేయింబవళ్ళు లెక్కించును. చేయవలసిన పనిని రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీపై ఒక్కొక్క ఆజ్ఞగా అమర్చి అందింపవలెను. ఆమె వచ్చిన వెంటనే ఐకెన్ ఒక కఠినమైన లెక్కను ఇచ్చి స్వల్ప గడువు పెట్టెను. అనుభవజ్ఞులైన ఇద్దరు యువ సహచరులు, రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంప్‌బెల్ అనువారు, ఆమెకు తోడైరి. ఆమె కూర్చిన ఐదు వందల పుటలకు పైబడిన ఆ యంత్రపు నిర్వహణ గ్రంథము 1946లో వెలువడెను. నాగసాకిపై పడిన బాంబునకు సంబంధించిన పేలుడు లెక్కలు కూడ 1944లో ఆ యంత్రముపైననే జరిగినవి. యంత్రమునకు మంచి చెడ్డలు లేవు. అవి దానిని నడుపువారి బాధ్యతయే యని ఈ సంఘటన మనకు గుర్తు చేయుచున్నది.

ఇక మన కథకు ప్రధానమైన విషయము వచ్చుచున్నది. సైను, లాగరిథము, వర్గమూలము వంటివి దాదాపు ప్రతి లెక్కలోను కావలసి వచ్చును. ఒకసారి సరిగ వ్రాసి పరీక్షించిన ఆజ్ఞల వరుసను హాపరును ఆమె సహచరులును నోటుపుస్తకములలో దాచుకొనిరి. అట్టి వరుసకే సబ్‌రొటీను అని పేరు. కావలసిన వారు నోటుపుస్తకము తెరచి ఆ వరుసను తమ ప్రోగ్రాములోనికి ఎత్తి వ్రాసికొనెడివారు. మన విద్యార్థులు సీనియర్ల రికార్డును ముందు పెట్టుకొని తమ రికార్డు వ్రాసికొనుట వంటిదే ఇది. మేము మా విద్యార్థి దశలో ఇట్లే చేసి, ముందువాని తప్పుతో సహా ఎత్తి వ్రాసి, పరీక్షాధికారి యెదుట సిగ్గుపడిన సందర్భము ఇంకను మరపునకు రాలేదు.

సైన్యపు పని ముగిసిన పిదప మరికొన్ని యేండ్లు హార్వర్డులో ఉండెను. 1947 సెప్టెంబరు 9న మార్క్ 2 యంత్రమున ఒక రిలేలో చిక్కుకొని చచ్చిన చిమ్మెటను తీసి దినచర్య పుస్తకమున అంటించిరి. యంత్రములలోని తప్పును పురుగు అను అర్థము గల బగ్ అనుటకు ఇదియే మూలమనియు, ఆ పురుగును పట్టినది హాపరే యనియు లోకమున ఒక వాడుక కలదు. రెండును నిజములు కావు. ఆ మాట ఎడిసన్ కాలమునుండియు ఉన్నదే. పురుగును పట్టినవారు వేరు. ఆ కథను రక్తి కట్టించి చెప్పినది మాత్రము ఆమెయే.

ఆ దినములు ఆమెకు సుఖమయములు కావు. 1945లో వివాహబంధము తెగిపోయెను. సంతానము లేదు. యుద్ధకాలపు ఒత్తిడి వలన మద్యపానము అలవడి కొంతకాలము ఆమెను బాధించెను. మిత్రుల హితవుతోను, పనిపై గల శ్రద్ధతోను ఆమె ఆ స్థితినుండి తేరుకొనెను. గొప్పవారి జీవితములలోని బలహీనతలను కప్పిపుచ్చుటకంటె, వారు వానిని దాటిన తీరును చెప్పుటయే యువకులకు మేలని తలచి ఈ సంగతి వ్రాసితిమి.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలో ఎకెర్ట్, మాక్లీ అనువారి సంస్థలో ప్రధాన గణితజ్ఞురాలిగ చేరెను. ఆ సంస్థ 1950లో రెమింగ్టన్ రాండ్ వశమయ్యెను. అక్కడ యూనివాక్ అను క్రొత్త యంత్రము సిద్ధమగుచుండెను. దాని జ్ఞాపకశక్తి వేయి పదములు మాత్రమే. ఒక్కొక్క పదమునకు పండ్రెండు అక్షరములు. మిగిలినదంతయు అయస్కాంతపు టేపులపై నిలువయుండెడిది. ఇక్కడ ఎత్తి వ్రాయుటలోని ప్రమాదము రెట్టింపయ్యెను. నోటుపుస్తకములోని ప్రతి సబ్‌రొటీను సున్నా చిరునామాతో మొదలగును. దానిని ప్రోగ్రాములో నాలుగువందలవ స్థానమున చేర్చవలెనన్నచో అందలి ప్రతి చిరునామాకు నాలుగువందలు కూడవలెను. కూడుటలో తప్పులు, చూచి వ్రాయుటలో తప్పులు. ఖాళీని సూచించు త్రికోణాకారపు డెల్టా గుర్తు నాలుగు అంకెగ మారును. బి అను అక్షరము పదమూడుగ మారును. మనుష్యులకు సరిగ కూడుటయు రాదు, సరిగ చూచి వ్రాయుటయు రాదు. ఈ రెండింటిలోను యంత్రమే మేటి. ఐనచో ఆ పనిని యంత్రమునకే ఏల ఇవ్వరాదు అని ఆమెకు తోచెను. సహోద్యోగిని బెట్టీ హోల్బర్టన్, తానే ప్రోగ్రామును పుట్టించు ఒక ప్రోగ్రామును అంతకు ముందే వ్రాసియుండుట ఆమె ధైర్యమును ఇనుమడింపజేసెను.

1951 అక్టోబరునుండి 1952 మే వరకు శ్రమించి ఆమె ఏ-0 అను పేర ఒక కార్యక్రమమును రచించెను. అందలి పద్ధతి సులభముగ చెప్పదగినది. పరీక్షించిన సబ్‌రొటీనులన్నియు ఒకే టేపుపై ఒక్కసారి నిలువయుండును. ఒక్కొక్కదానికి ఒక గుర్తు ఉండును. ప్రోగ్రాము వ్రాయువాడు ఆజ్ఞలన్నిటిని వ్రాయనక్కరలేదు. ఏ గుర్తు గల సబ్‌రొటీను కావలెనో, అది ఏ సంఖ్యలపై పనిచేయవలెనో, ఫలితము ఎక్కడ ఉంచవలెనో వరుసగ చెప్పినచో చాలును. యంత్రమే టేపుపై వెదకి, తెచ్చి, చిరునామాలు సరిచేసి, అన్నిటిని జతపరచి పూర్తి ప్రోగ్రామును తయారు చేయును. పలు గ్రంథములనుండి విషయములను ఏరి కూర్చువానిని సంకలనకర్త అందుము. అదే భావముతో ఆమె దీనికి కంపైలరు అని పేరిడెను.

అందు ఒక చిక్కు ముడి పడెను. ప్రోగ్రాము కొన్నిచోట్ల ఇంకను తయారు కాని ముందు భాగమునకు దూకవలసి యుండును. ఆ భాగము ఏ చిరునామాలో పడునో అప్పటికి తెలియదు. టేపును వెనుకకు ముందుకు త్రిప్పుచు కూర్చున్నచో కాలహరణము. కళాశాలలో ఆడిన బాస్కెట్‌బాల్ ఆట ఆమెకు స్ఫురించెను. బంతిని గోలు వరకు తానే తీసికొనిపోలేని క్రీడాకారిణి దానిని తోటి క్రీడాకారిణికి అందించి, తాను ముందునకు పరుగెత్తి తిరిగి అందుకొనును. అట్లే జ్ఞాపకము చివర కొంత తావును తటస్థమైన మూలగా కేటాయించి, తెలియని చోటికి పోవలసిన ప్రతి దూకుడును మొదట ఆ మూలకు పంపెను. అసలు చిరునామా తెలిసిన తరువాత ఆ మూలనుండి అక్కడకు రెండవ దూకుడును అమర్చెను. టేపు ఒక్కమారు నడచినచో పని ముగియును. ఆటస్థలమునకు పోవుట చదువునకు చేటని తలచు పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

1952 మే నెలలో పిట్స్‌బర్గ్ నగరమున జరిగిన విద్వత్సభలో, గణనయంత్రమునకు విద్య గరపుటను గూర్చిన పత్రమును ఆమె సమర్పించెను. కాని ఆదరణ వెంటనే లభింపలేదు. యంత్రము లెక్కలు చేయగలదే కాని ప్రోగ్రాములు వ్రాయలేదని పలువురు తోసిపుచ్చిరి. యంత్రమునకు చెల్లించు వెల ఎక్కువ, మనుష్యునకు ఇచ్చు జీతము తక్కువ అయిన ఆ కాలమున, చేతితో వ్రాసిన ప్రోగ్రాముకంటె నెమ్మదిగ నడచు దానిని ఎవరు కోరుదురని మరికొందరు ప్రశ్నించిరి. ఈ రెండవ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. ఏ-0 నేటి కంపైలరు వంటిది కాదు. ఉన్నవానిని తెచ్చి జతపరచునదియే. అదే కాలమున ఐరోపాలోను కొందరు ఇట్టి యత్నములు చేయుచుండిరి. చేతివ్రాతతో పోటీపడు వేగము గల ప్రోగ్రాములను పుట్టించు కంపైలరు 1957లో జాన్ బ్యాకస్ బృందము నిర్మించిన ఫోర్‌ట్రాన్‌తో వచ్చెను. అయినను ఒకసారి వ్రాసినదానిని మరల వ్రాయరాదను సూత్రమును యంత్రముచే పాటింపజేసి చూపిన తొలివారిలో హాపర్ అగ్రగణ్య అనుటలో అతిశయోక్తి లేదు. 1953లో వెలువడిన ఏ-2ను ఆమె వినియోగదారులకు దాని లోపలి ఆజ్ఞలతో సహా పంచిపెట్టి, వారు చేసిన మార్పులను తిరిగి పంపుడని కోరెను. విద్యను దాచినచో తరుగును, పంచినచో పెరుగునని ఆ ఉపాధ్యాయినికి తెలియును.

పిమ్మట ఆమె దృష్టి వ్యాపార గణనలవైపు మరలెను. జీతముల పట్టికలు, సరుకుల లెక్కలు వ్రాయువారికి గణిత చిహ్నములు రుచింపవు. వారికి మాటలు కావలెను. మాటలతోనే ఆజ్ఞలు వ్రాయు విధానమును ప్రతిపాదించి, సంస్థ అధికారుల యెదుట ఒక చిన్న ప్రోగ్రామును మొదట ఇంగ్లీషులోను, తరువాత ఫ్రెంచిలోను, ఆ తరువాత జర్మనులోను ప్రదర్శించెను. అధికారులు ముగ్ధులగుదురని ఆమె ఆశ. వారో దిగ్భ్రాంతి చెందిరి. అమెరికాలో చేసిన యంత్రము పరభాషలను గ్రహించుట అసంభవమని వారి అభిప్రాయము! మూడు భాషలకు మూడు కంపైలర్లు వ్రాయలేదనియు, లోపలి యంత్రాంగమంతయు ఒక్కటే యనియు, పైనున్న మాటల పట్టిక మాత్రమే మారినదనియు నచ్చచెప్పుటకు ఆమెకు నెలలు పట్టెను. తుదకు ఇంగ్లీషు ఒక్కటియే చాలునని ఒప్పుకొనవలసి వచ్చెను. ఉర్దూ, తెలుగు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకొనుచున్న మన కళాశాలకు ఈ కథ హృదయమునకు హత్తుకొనదగినది. మాట వేరైనను లోపలి భావము ఒక్కటియే యని ఆమె యంత్రముచేత చెప్పించినది. మనుష్యులమైన మనము దానిని నేర్వలేమా?

ఆ కృషి ఫ్లో-మాటిక్ అను భాషగా రూపొందెను. అప్పటికి ప్రతి సంస్థ తన యంత్రమునకు తన భాషను కల్పించుకొనుచుండెను. ఒక యంత్రముకొరకు వ్రాసినది మరియొక యంత్రమునకు పనికిరాదు. యంత్రము మారినచో వ్రాతయంతయు మరల మొదటికి. దీనికి విరుగుడుగ 1959 మే 28, 29 తేదీలలో అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యమున సభ జరిగి, అన్ని యంత్రములకు ఉమ్మడి వ్యాపారభాషను నిర్మింప నిశ్చయించిరి. అదియే కోబాల్. దానిని ఒక సంఘము నిర్మించినది. హాపర్ దానికి సలహాదారు. ఆమె ఫ్లో-మాటిక్ దానికి ముఖ్యమైన పునాది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై నడచి, ఉమ్మడి భాష సాధ్యమేనని నిరూపించెను.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుట అవసరము. భాషలు ఐదు, యంత్రముల రకములు ఆరు అనుకొందము. ప్రతి భాషకు ప్రతి యంత్రమునకు వేర్వేరు కంపైలరు వ్రాసినచో 30 కావలెను. వానిలో అధికభాగము ఒకదానిని చూచి మరియొకటి వ్రాసినదే. అట్లుగాక నడుమ ఒక ఉమ్మడి రూపమును ఏర్పరచి, ప్రతి భాషను ఆ రూపములోనికి, ఆ రూపమును ప్రతి యంత్రపు భాషలోనికి మార్చినచో ఐదును ఆరును కలిసి 11 భాగములు చాలును. ఒక భాగమున తప్పు దొరకినచో ఒక్కచోటనే దిద్దవచ్చును. ఈ నడిమి రూపమును గూర్చి 1958లోనే ప్రతిపాదన వచ్చెను. 1970వ దశకమున స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున పాస్కల్ భాషకు ఇట్టి నడిమి రూపముతో పాస్కల్-పి అను కంపైలరును నిర్మించిరి. దాని నిర్మాణ వివరములను గ్రంథస్థము చేసినవారి పేర్లలో మొదటిది కె. వి. నోరి యనునది. నోరి యను ఇంటిపేరు తెలుగువారికి పరిచితమే గదా! ఆ పి-రూపమును నడపు చిన్న భాగమును మాత్రము వ్రాసికొని ప్రపంచమున పలు విశ్వవిద్యాలయములు పాస్కల్‌ను తమ యంత్రములపైకి తెచ్చుకొనగలిగినవి. 2000లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున మొదలైన ఎల్.ఎల్.వి.ఎం. కూడ ఈ మార్గముననే నడచినది.

మన అనంతపురపు పీఠభూమి వాసులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రము కురియు ఈ సీమలో పూర్వులు గొలుసుకట్టు చెరువులు కట్టిరి. మీది చెరువు నిండి మరువ పారినచో ఆ నీరు దిగువ చెరువునకు చేరును. ఒక్క చెరువును పూడిక తీసి బాగుచేసినచో దాని క్రింది పొలములన్నియు బాగుపడును. తరువాత వచ్చినవారము చెరువును మరచి ఎవరికి వారు బోరుబావులు తవ్వుకొంటిమి. ప్రక్క ప్రక్కనే నూరు రంధ్రములు, నూరు అప్పులు, అడుగంటిన నీరు. ఒకే పనిని నూరుగురు నూరుసార్లు చేయుటలోని నష్టమును ఇంతకంటె స్పష్టముగ చెప్పు ఉదాహరణము మాకు తెలియదు.

అయితే ఉమ్మడితనమునకు ఒక బాధ్యత కూడ కలదు. చెరువు కట్ట తెగినచో ఆయకట్టంతయు మునుగును. అందరు వాడు సబ్‌రొటీనులో తప్పున్నచో ఆ తప్పు అందరకు సంక్రమించును. అందుచే ఊరికి నీరుగంటి ఎంత అవసరమో, ఉమ్మడి కోడునకు పరీక్ష అంత అవసరము. మరియు పైకి ఒకేరీతిగ కనిపించునవెల్ల ఒకటి కావు. నేడు సమానముగ నున్న రెండు లెక్కలు వేర్వేరు కారణముల వలన అట్లుండవచ్చును. వానిని తొందరపడి ఒకటిగ కలిపినచో, రేపు ఒకదానిని మార్చవలసినపుడు రెండవది చెడిపోవును. కవలలవలె కనిపించు ఇద్దరు బాలురకు ఒకే కొలతతో చొక్కాలు కుట్టించుట వంటిది అది. కలుపుటకు ముందు కారణము విచారించుట పండిత లక్షణము.

1966 చివర నావికాదళము వయస్సు చాలించినదని ఆమెకు విశ్రాంతి ఇచ్చెను. ఏడు నెలలు గడచునంతలో, 1967 ఆగస్టులో మరల పిలిపించెను. కారణము విచిత్రమైనది. ఉమ్మడి భాషయైన కోబాల్ తానే పలు మాండలికములుగ చీలిపోయెను; ఒక్కొక్క సంస్థ కంపైలరు ఒక్కొక్క తీరున అర్థము చేసికొనుచుండెను. ఆమె బృందము పరీక్షా ప్రోగ్రాములను కూర్చి, ఏ కంపైలరు నియమములను పాటించుచున్నదో, ఏది తప్పుచున్నదో తేల్చునట్లు చేసెను. ఆరు నెలలకని పిలువబడిన ఆమె సుమారు పందొమ్మిది సంవత్సరములు సేవ చేసెను. 1973లో కెప్టెన్ హోదాయు, 1983లో కొమడోర్ హోదాయు పొంది, 1985లో రియర్ అడ్మిరల్ అయ్యెను. 1986 ఆగస్టు 14న, 79వ యేట, పదవీ విరమణ చేసెను.

ఆ కాలమున ఆమె దేశమంతట తిరిగి యువకులకు ఉపన్యసించెను. సుమారు ఒక అడుగు పొడవు గల తీగెముక్కలను సభికులకు పంచి, క్షణములో శతకోటి వంతు కాలమున కాంతి పోగల దూరమింతేనని కన్నులకు కట్టించెడిది. ఆమె గదిలోని గోడ గడియారము ముండ్లు అపసవ్యముగ తిరిగెడివి. పూర్వమునుండి ఇట్లే చేయుచున్నామను మాట పనిచేయుటకు కారణము కాజాలదని గుర్తుచేయుటకే ఆ గడియారము. 1992 జనవరి 1న ఆమె తనువు చాలించెను. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానమున సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిగినవి. 1997లో ఒక యుద్ధనౌక ఆమె పేర సేవలో ప్రవేశించెను. 2016లో అమెరికా అధ్యక్షుడు మరణానంతర పురస్కారముతో ఆమెను గౌరవించెను. 2017లో యేల్ విశ్వవిద్యాలయము తనలోని ఒక కళాశాలకు ఆమె పేరు పెట్టెను.

ఆమె గతించిన కొలది యేండ్లకే ఆమె హెచ్చరికను లోకము పెడచెవిని పెట్టిన ఫలితము బయటపడెను. 80 గడుల కార్డులపై తావు మిగుల్చుటకు సంవత్సరమును రెండంకెలతో వ్రాయు అలవాటు వేలాది ప్రోగ్రాములలో పాకియుండెను. తేదీ లెక్కను ఒక్కచోట వ్రాసి అందరు వాడుకొనియున్నచో ఒక్కచోట దిద్దుటతో చాల పని తీరెడిది. ఎవరికి వారు ఎత్తి వ్రాసికొనుటచే 2000 సంవత్సరము రాకమునుపు ప్రతి ప్రోగ్రామును వెదకి వెదకి దిద్దవలసి వచ్చెను. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయములలో కోబాల్ నేర్చిన తెలుగు యువకులు ఎందరో ఆ పనికై విదేశములకు పోయిరి. ఒకరి అశ్రద్ధ మరియొకరికి జీవనాధారమయ్యెను. మన సీమలోని పలు కుటుంబముల తలరాత మారుటలో, పేరైనను వినని ఆ విదుషి తోడ్పడిన భాషకు భాగము కలదని తెలిసినపుడు ఆశ్చర్యము కలుగక మానదు.

విద్యార్థులారా! లాటిను పరీక్ష తప్పిన బాలిక, బరువు చాలదని తిరస్కరింపబడిన స్త్రీ, యంత్రము చేయజాలదని పెద్దలు పలికిన పనిని యంత్రముచే చేయించెను. ఆమె పెట్టుబడి ధనము కాదు. ఒకే తప్పును రెండవమారు చేయుటకు ఇష్టపడని బుద్ధి. మీరు ప్రయోగశాలలో ముందువారి రికార్డును ఎత్తి వ్రాయుటకు కూర్చున్నపుడు ఆమెను స్మరింపుడు. వాడుకొనుట తప్పు కాదు. అర్థము చేసికొనక, పరీక్షింపక ఎత్తి వ్రాయుటయే తప్పు. మా విద్యార్థినీమణులకు వేరుగ ఒక మాట: ఈ విద్యకు పునాది వేసినవారిలో మీవంటివారు ఉండిరి, దీనిని పరుల సొత్తని తలపవలదు.

కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము ఒక్కటియే. ఏటేటా విద్యార్థులు వ్రాసిన మంచి ప్రోగ్రాములను అధ్యాపకులు పరీక్షించి, ఉర్దూ, తెలుగు భాషలలో వివరణ చేర్చి, ప్రయోగశాలలో ఒక ఉమ్మడి భాండాగారముగ నిలుపుటకు ఏర్పాటు చేయుదురు గాక. దీనికి పెద్ద వ్యయము లేదు. వచ్చినవారెల్ల సున్నానుండి మొదలుపెట్టక, ముందువారు ఆగిన చోటునుండి నడక సాగింతురు. కరవు నేలపై చెరువు కట్టిన పూర్వుల సంతతివారము. విద్యలోనైన ఆ ఉమ్మడి చెరువును నిలుపుకొనుట మన విధి.